అత్తగారూ మేనత్తే… జీన్ పరీక్ష మా ఇంట్లో ఎవరికి చేయించాలి?

డాక్టర్ గారికి నమస్కారం. నాకు 39 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ ఏడాది ఫిబ్రవరిలో తలస్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని, పదో తరగతి పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆగాను. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. గడ్డ 2.8 సెంటీమీటర్లు ఉందని, చంకలో ఒక గ్రంథికి పాకిందని, ట్రిపుల్ నెగెటివ్ రకమని చెప్పారు. ముందు కీమో, తర్వాత ఆపరేషన్. రెండు కీమోలు అయ్యాయి. మూడోది పది రోజుల్లో ఉంది.

మొదటిరోజు డాక్టరు గారు 'మీవాళ్లలో ఇంకెవరికైనా ఉందా?' అని అడిగారు. అమ్మ వైపు ఎవరికీ లేదు కాబట్టి లేదన్నాను. తర్వాత గుర్తొచ్చింది, మా అత్తగారు పదకొండేళ్ల క్రితం క్యాన్సర్‌తోనే పోయారు. అప్పుడు ఆవిడకు 51. ఆవిడ మా నాన్నకు సొంత చెల్లెలు. నేను మా బావనే చేసుకున్నాను. అత్తకు పొట్ట ఉబ్బిపోతే వారానికోసారి నీళ్లు తీయించేవాళ్లం. అందరం కడుపు క్యాన్సర్ అనే అనుకున్నాం. ఒక కాగితం మీద 'ఓవరీ' అని చదివిన గుర్తని మావారు ఇప్పుడు అంటున్నారు. ఈ సంగతి చెప్పగానే డాక్టరు గారు నన్ను జీన్ పరీక్ష చేయించుకోమన్నారు.

దాంతో ఇంట్లో గొడవ. పాపకు 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ పరీక్ష సంగతి బయటికి పొక్కితే రేపు సంబంధాలు రావని మామగారు వద్దంటున్నారు. మేనరికం చేసుకున్నందుకే ఇదంతా వచ్చిందని మా పెద్దమ్మ అంటోంది. బెంగళూరులో ఉన్న మా చెల్లి (34) ఏంజెలీనా జోలీ లాగా తనూ రెండు రొమ్ములూ తీయించుకుంటానని ఫోన్లో ఒకటే ఏడుపు. నాకు నాలుగేళ్ల క్రితం గర్భసంచి తీసేశారు, కాబట్టి అత్తకు వచ్చింది నాకు రాదని చుట్టాలు ధైర్యం చెప్తున్నారు. నిజమేనా? బాబుకు (12) ఆరో నెలకే పాలు మాన్పించాను, అందువల్ల వచ్చిందా? మావారు రిపోర్టు వచ్చిన రోజు నుంచి సరిగా మాట్లాడటం లేదు. ఏం చేయాలో తోచడం లేదు.
— ఒక సోదరి, గుంటూరు జిల్లా

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ 'అమ్మ వైపు ఎవరికీ లేదు కాబట్టి లేదన్నాను' అన్న మాట దగ్గర ఆగిపోయాను. తప్పు మీది కాదు. మేం అడిగే తీరే అలా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ అనగానే తల్లికి ఉందా, అమ్మమ్మకు ఉందా, పిన్నికి ఉందా అంటాం. నాన్న వైపు ఎవరూ వెళ్లరు. ముప్పై ఏళ్లు గుంటూరులో గైనకాలజిస్టుగా పనిచేశాను. వందల కేసు షీట్లలో ఫ్యామిలీ హిస్టరీ దగ్గర 'లేదు' అని నా చేత్తోనే రాశాను. వాళ్లలో ఎంతమందిని మేనత్త సంగతి అడిగానని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి మీ ఒక్కరికే జవాబు రాస్తున్నాను.

మీకు చెప్పిన జీన్ పరీక్షలో చూసే బీఆర్‌సీఏ 1, బీఆర్‌సీఏ 2 అనే జన్యువులు మనందరిలోనూ ఉంటాయి, మగవాళ్లలోనూ ఉంటాయి. కణంలో డీఎన్‌ఏ పోగులు రెండూ తెగిపోయినప్పుడు వాటిని సరిగ్గా అతకడం వాటి పని. ప్రతి జన్యువూ మనకు రెండు కాపీలు వస్తుంది, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక కాపీ పుట్టుకతోనే చెడి ఉన్నా రెండోది పని నెట్టుకొస్తుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా పాడైతే అక్కడ అతుకు పని ఆగిపోతుంది, క్యాన్సర్‌కు దారి పడుతుంది. మగవాళ్లలో దీనివల్ల జబ్బు వచ్చే అవకాశం తక్కువ. కాబట్టి మీ నాన్నగారు ఆ మార్పును మోస్తూ కూడా ఇన్నేళ్లు నిక్షేపంగా ఉండి ఉండొచ్చు. ఆయన చెల్లెలికి అది అండాశయంలో (ఓవరీలో) బయటపడి ఉండొచ్చు, కూతురికి రొమ్ములో. పరీక్ష అయ్యేదాకా ఇది అనుమానమే. కానీ గట్టి అనుమానం. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి వందకు 5 నుంచి 10 మాత్రమే. మీది మాత్రం 39 ఏళ్లకే వచ్చింది, అందులోనూ ట్రిపుల్ నెగెటివ్, అంటే ఏమిటో కింద చెప్తాను. బీఆర్‌సీఏ 1 చెడినప్పుడు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ ఆ రకానివే.

ఇంట్లో పాత బీరువా వెతికించండి. అత్తగారి ఫైల్లో బయాప్సీ కాగితం ఉంటే దాని మీద 'హై గ్రేడ్ సీరస్ కార్సినోమా' అని ఉందేమో చూడండి. అండాశయ క్యాన్సర్లలో బీఆర్‌సీఏతో ఎక్కువగా ముడిపడేది అదే. ఫైలు దొరక్కపోతే వైద్యం చేయించిన ఆసుపత్రిలో పాత రికార్డు కోసం అర్జీ పెట్టండి. అలాగే ఒక తెల్లకాగితం మీద మూడు తరాలు గీయండి. ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో, ఎవరు ఎలా పోయారు, అంతా రాయండి. మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త అమెరికాలో చేసింది ఇదే. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు వరుసగా ఈ జబ్బు పడిన కుటుంబాల వంశవృక్షాలు ముందు పెట్టుకుని, ఏళ్ల తరబడి శ్రమించి, 1990లో బీఆర్‌సీఏ 1 జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించారు. అప్పటికి చాలామంది ఆమె మాట నమ్మలేదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునే 'కడుపు ఉబ్బి పోయింది' అన్న ఒక్క మాటకు కూడా అంత విలువ ఉంటుందమ్మా.

ఇప్పుడు మేనరికం సంగతి. మీ పెద్దమ్మ గారి మాట తప్పు. అయితే అందులో మీరు పట్టించుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. మీకు క్యాన్సర్ రావడానికి మేనరికం కారణం కాదు. మీరు ఎవరిని చేసుకున్నా, నాన్న నుంచి వచ్చింది మీతోనే ఉండేది. ఒక్క కాపీ చెడితే చాలు కాబట్టి, భర్త ఎవరన్న దానితో మీ జబ్బుకు పని లేదు. మేనరికం వల్ల మారేది పిల్లల లెక్క. మీ అత్తగారిలో ఆ మార్పు ఉండి ఉంటే ఆవిడ కొడుక్కు, అంటే మీ భర్తకు, అది వచ్చే అవకాశం సగానికి సగం. మీరు లెక్కల టీచరు కాబట్టి నాలుగు గళ్లు గీసుకోండి. ఇద్దరిలోనూ ఒకే మార్పు ఉంటే, ఒక గడిలో రెండు కాపీలూ చెడినవి, రెండు గళ్లలో ఒక్కొక్కటి చెడినది, ఒక గడిలో రెండూ మంచివి. మొదటి గడి సంగతి: బీఆర్‌సీఏ 1 అయితే అలాంటి గర్భం సాధారణంగా నిలవదు. బీఆర్‌సీఏ 2 అయితే ఫాంకోనీ అనీమియా అనే అరుదైన జబ్బు చాలావరకు చిన్నతనంలోనే కనిపిస్తుంది, రక్తకణాలు పడిపోతాయి. మీ పిల్లలిద్దరూ 16, 12 ఏళ్లు ఆరోగ్యంగా ఎదిగారు కాబట్టి ఆ గడిలో ఉండే అవకాశం చాలా తక్కువ. దాన్ని తీసేస్తే మూడు గళ్లు మిగులుతాయి. అంటే మీ ఇద్దరిలోనూ మార్పు ఉంటే ఒక్కో బిడ్డకూ అది వచ్చి ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. మీ ఒక్కరిలోనే ఉంటే సగం. మీలో అసలు లేదని తేలితే, లెక్క మీ భర్త వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు: ముందు మీకు, తర్వాత మీ భర్తకు. క్యాన్సర్ వచ్చిన మనిషికి ముందు చేస్తేనే పరీక్ష ఎక్కువ చెప్పగలుగుతుంది. మీలో ఫలానా చోట మార్పు ఉందని తెలిస్తే, మీ నాన్నగారికి, చెల్లికి, మీ భర్తకు ఆ ఒక్క చోటే చూస్తే చాలు. ఖర్చు బాగా తగ్గుతుంది. మీకు మాత్రం ఈ జన్యువులను పూర్తిగా చదవాలి. కాస్త రక్తమో ఉమ్మో ఇస్తే సరిపోతుంది. ఫలితానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, కాబట్టి మూడో కీమోకి వెళ్లిన రోజే శాంపిల్ ఇచ్చేయండి. వైద్యం ప్రభుత్వ పథకంలో జరుగుతున్నా ఈ పరీక్ష ఖర్చు వేరే పడొచ్చు, ముందే కనుక్కోండి. ఫలితం వివరంగా చెప్పేవాళ్లు దగ్గర్లో లేకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

మామగారికి ఒక సంగతి చెప్పండి. ఈ పరీక్ష రేపటి పెళ్లి కోసం చేసేది కాదు, ఇవాళ్టి కోడలి వైద్యం కోసం చేసేది. ట్రిపుల్ నెగెటివ్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 గుర్తులు మూడూ ఆ కణాల్లో లేవని. హార్మోన్ మాత్రలు, హెర్సెప్టిన్ ఇంజెక్షన్లు మీకు పనికిరావు. కీమో మాత్రం ఈ రకం మీద బాగానే పనిచేస్తుంది. బీఆర్‌సీఏ మార్పు ఉందని తేలితే ఇంకో మందు అందుబాటులోకి వస్తుంది. ఒలాపరిబ్ అనే మాత్రలు. కీమో తర్వాత ఆపరేషన్‌లో ఇంకా క్యాన్సర్ మిగిలి ఉంటే, మీలాంటివాళ్లు వీటిని ఏడాది పాటు వాడితే జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 2021లో ఒక పెద్ద పరిశోధనలో తేలింది. రొమ్ములో గడ్డ వరకే తీయాలా, రొమ్మంతా తీయాలా, రెండోవైపు ఏం చేయాలి అన్నవి కూడా ఈ ఫలితం చూసే సర్జన్ మీతో మాట్లాడతారు. ఆపరేషన్ లోపు ఫలితం చేతిలో ఉండాలి.

గర్భసంచి మాట. మీ చుట్టాలు చెప్పిన ధైర్యం నన్ను భయపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలా ఎక్కువ, మీకే తెలుసు. గర్భసంచి తీశారంటే అండాశయాలు తీసినట్టు కాదు. మీ డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. 'టీఏహెచ్' అని మాత్రమే ఉంటే తీసింది గర్భసంచి ఒక్కటే. పక్కన 'బీఎస్‌ఓ' అని ఉంటే రెండు అండాశయాలూ, రెండు ట్యూబులూ కూడా తీశారని అర్థం. మీకు అప్పటికి 35 కాబట్టి ఉంచేసే ఉంటారని నా ఊహ. మీలో మార్పు ఉందని తేలితే, కీమో, రొమ్ము ఆపరేషన్ అన్నీ అయ్యి తేరుకున్నాక, అండాశయాలు, ట్యూబులు తీయించుకోమనే చెప్తాను. బీఆర్‌సీఏ 1 అయితే 35-40 మధ్య, బీఆర్‌సీఏ 2 అయితే 40-45 మధ్య తీయించుకోవాలంటారు. ఏటా స్కానింగ్, సీఏ 125 రక్తపరీక్ష చేయించుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. అండాశయ క్యాన్సర్‌ను వేళకు పట్టుకుంటాయన్న నమ్మకం వాటి మీద పెట్టుకోలేం. అత్తగారికి నీళ్లు చేరేదాకా తెలియకపోవడానికి కారణం ఆ జబ్బు తీరే. అండాశయాలు తీస్తే ఒక్కసారిగా ముట్లుడిగిన బాధలన్నీ వస్తాయి. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకల బలం తగ్గడం. అవి తేలిక అని అనను. మీ గైనకాలజిస్టుతో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

అంకెలు కూడా చెప్తాను, దాచితే భయం పెరుగుతుంది. బీఆర్‌సీఏ మార్పులున్న దాదాపు 10,000 మంది స్త్రీల వివరాలు చూసి 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 80 ఏళ్లు వచ్చేలోగా బీఆర్‌సీఏ 1 ఉన్నవాళ్లలో వందకు 72 మందికి, బీఆర్‌సీఏ 2 ఉన్నవాళ్లలో 69 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అండాశయ క్యాన్సర్ అయితే 44 మందికి, 17 మందికి. వీళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లు. కాబట్టి మన కుటుంబాలకు ఈ అంకెలను అచ్చంగా అతికించుకోకూడదు. ముప్పు పెద్దదే అన్నది మాత్రం ఎక్కడైనా ఒకటే.

రిపోర్టు 'ఉంది' అని రావచ్చు, 'లేదు' అని రావచ్చు. మూడోది 'వీయూఎస్'. అంటే మార్పు కనిపించింది గానీ అది చెడ్డదో కాదో ఇంకా తేలలేదని. ఇది నాకే వచ్చింది. 2014లో నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 47 ఏళ్లు. సాయంత్రం ఓపీలో కూర్చుని ఉండగా కాంపౌండరు బయాప్సీ కవరు తెచ్చి ఇచ్చాడు. ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 2. బయట పదకొండు మంది ఉన్నారు. అందరినీ చూశాను. ఆఖరావిడ ఏడో నెల గర్భిణి, బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తుంటే నా చేతిలో డాప్లర్ వణికింది. ఆవిడ భయపడి 'ఏమైందమ్మా' అంది. బిడ్డ బాగుందని చెప్పి పంపించి, తలుపు వేసుకుని ఏడ్చాను. 50 లోపు వచ్చింది కాబట్టి జీన్ పరీక్ష చేయించుకున్నాను. బీఆర్‌సీఏ 2లో వీయూఎస్ అని వచ్చింది. వెంటనే అండాశయాలు తీయించేసుకుందామని ఆపరేషన్‌కు తేదీ కూడా పెట్టుకున్నాను. హైదరాబాద్‌లో ఒక జెనెటిక్స్ డాక్టరు గారు ఆపారు. 'తేలని దాన్ని పట్టుకుని అవయవాలు తీయించుకోకండి' అన్నారు. 2019లో ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది, ఆ మార్పు హానిలేనిదని. మన దేశపు వాళ్ల జన్యు సమాచారం ఇంకా తక్కువగా పోగైంది కాబట్టి ఇలాంటి 'తేలనివి' మనకు ఎక్కువ వస్తుంటాయి. మీకు అలా వస్తే దాన్ని 'ఉంది' అని చదవకండి. మీ చెల్లిని చదవనివ్వకండి.

చెల్లి సంగతి. ఏంజెలీనా జోలీ 2013లో ఆ ఆపరేషన్ గురించి రాశారు. ఆమె తల్లి అండాశయ క్యాన్సర్‌తో పోయారు. తనలో బీఆర్‌సీఏ 1 మార్పు ఉందని పరీక్షలో తేలాకే ఆమె ఆ నిర్ణయం తీసుకున్నారు. మీ చెల్లికి ఇంకా పరీక్షే కాలేదు. మీలో ఉన్న మార్పు తనలో లేదని తేలితే ఆమె ముప్పు దాదాపు మామూలు స్త్రీల ముప్పే. ఉందని తేలినా ఆపరేషన్ ఒక్కటే దారి కాదు, ఏటా ఎంఆర్‌ఐ, మామోగ్రామ్ చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండేవాళ్లు చాలామంది. ఆపరేషన్ చేయించుకుంటే ముప్పు వందకు తొంభై వంతులు తగ్గుతుంది, అదీ నిజమే. ఎంచుకోవాల్సింది తను. కానీ ఇప్పుడున్న టెన్షన్‌లో మాత్రం వద్దు.

పాలు మాన్పించినందుకు రాలేదమ్మా. ఆ మాట ఇక మనసులోంచి తీసేయండి.

బావగారి మౌనం గురించి రాశారు. ఆయన తన తల్లికి నీళ్లు తీయించడానికి వారం వారం తీసుకెళ్లిన మనిషి. ఇప్పుడు భార్యను కీమోకి తీసుకెళ్తున్నారు. ఈ రెండూ ఒకటే దారం అని మీ డాక్టరు గారు చెప్పిన రోజు ఆయన తల్లి చావును మళ్లీ చూసి ఉంటారు. బహుశా 'మా అమ్మ వల్ల, మా వంశం వల్ల' అని లోలోపల కుమిలిపోతున్నారేమో. ఆ వంశం మీదీ కదా, అదే చెప్పండి. ఆ మార్పు మీ నాయనమ్మ నుంచో తాతయ్య నుంచో వచ్చి ఉంటుంది, వాళ్లకూ అది ఎవరో ఇచ్చినదే. పరీక్ష ఆయన మంచికి కూడా. బీఆర్‌సీఏ 2 ఉన్న మగవాళ్లలో వందకు 7 మంది దాకా రొమ్ము క్యాన్సర్ రావచ్చు, ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు అంతకంటే ఎక్కువ. అలాంటివాళ్లు 40 నుంచి పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించుకోవాలి. మీ నాన్నగారికీ ఇదే వర్తిస్తుంది.

పాపకు, బాబుకు ఇప్పుడు పరీక్ష వద్దు. 18 నిండాక, వాళ్లంతట వాళ్లు కావాలనుకున్నప్పుడు. పాపలో మార్పు ఉన్నా 25 ఏళ్ల దాకా ప్రత్యేకంగా చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు. అప్పటి నుంచి ఏటా ఎంఆర్‌ఐ, 30 నుంచి మామోగ్రామ్ కూడా. పెళ్లి మాటకు వస్తే, మీ రిపోర్టు మీది. ఊరికి చెప్పాల్సిన పని లేదు. కానీ ఒక్కటి మాత్రం మామగారికి గట్టిగా చెప్పండి. మీలో మార్పు ఉందని తేలితే, ఈ కుటుంబంలో మళ్లీ మేనరికం మాట ఎవరు ఎత్తినా ముందు ఇద్దరికీ పరీక్ష జరగాలి. అప్పుడు దాచిపెడితే పుట్టబోయే బిడ్డకు అన్యాయం చేసినట్టే.

పాపకు మీ జబ్బు సంగతి మీరే చెప్పండి. నేను నా కూతురికి చెప్పలేదు. దానికి అప్పుడు 15. అల్మరాలో టామాక్సిఫెన్ మాత్రల అట్ట చూసి, పేరు వెతికి, రాత్రి పదకొండింటికి నా మంచం దగ్గరికొచ్చి 'నాక్కూడా వస్తుందా?' అని అడిగింది. వారం రోజులుగా దానికి తెలుసట. ఆ వారం ఒక్కతే ఏం ఆలోచించిందో నేనెప్పటికీ అడగలేకపోయాను. మీ పాప మీ తల చూస్తోంది, ఊడుతున్న జుట్టు చూస్తోంది. 'అమ్మకు వైద్యం జరుగుతోంది, పరీక్ష ఒకటి చేయిస్తున్నాం, ఫలితం రాగానే నీకు చెప్తాను' అంటే చాలు. ఆ మాట బావగారు కూడా పక్కనుండగా చెప్పండి.

కీమోకి వెళ్లేటప్పుడు మూడు కాగితాలు పట్టుకెళ్లండి. అత్తగారి బయాప్సీ రిపోర్టు, మీ గర్భసంచి ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ, మీరు గీసిన మూడు తరాల కాగితం. అందులో నాన్నగారి వైపు ముందు గీయండి.